ఏ వాక్యం చూసి అన్నావు?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు చదివింది అర్థం చేసుకోవడం నేర్పే యాప్‌లను ఎలా ఎంచుకోవాలో మాట్లాడమని కమిటీవారు నాకు చెప్పారు. ఈ విషయం నాకే ఎందుకు ఇచ్చారో మీలో కొందరికి తెలుసు. 2023లో మన సంఘం బడికి 20 ట్యాబ్‌లు కొని ఇచ్చింది. వాటిలో ఏ యాప్ వేయాలో చూసే పని నాకు అప్పగించింది. నేను ఎంచాను. తప్పుగా ఎంచాను. నేను విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో 30 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక యూనిట్ ఆగిపోతే ఎందుకు ఆగిందో తెల్లారేసరికి రిపోర్టు రాసి పెట్టాలి. అందులో ఎవరినీ తిట్టకూడదు, దేన్నీ దాచకూడదు. ఈ ప్రసంగాన్ని అలాంటి రిపోర్టే అనుకోండి.

ముందు మన కాలం సంగతి ఒకటి చెప్పుకోవాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మన తెలుగు మాస్టారి పేరు నేను చెప్పక్కర్లేదు. ముందు వరసలో కూర్చున్నారు. తొమ్మిదో తరగతిలో ఒకసారి హరిశ్చంద్రుడి కథ గురించి పరీక్షలో ప్రశ్న వచ్చింది. గైడులో ఉన్న జవాబు "సత్యవ్రతం గొప్పది" అని. నేను గైడు చదవలేదు. ధైర్యం వల్ల కాదు, కొనుక్కోవడానికి డబ్బులు లేక. "ఆయన మాట నిలబెట్టుకున్నాడు గానీ చంద్రమతినీ లోహితుణ్ణీ అడక్కుండానే అమ్మేశాడు" అని రాశాను. పేపర్లు ఇచ్చినప్పుడు నా జవాబు పక్కన టిక్కూ లేదు, ఇంటూ లేదు. ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం ఉంది. మాస్టారు నన్ను బల్ల దగ్గరకు పిలిచి, పుస్తకం నా ముందు పెట్టి, మనందరికీ కలలో కూడా వినిపించే ఆ మాట అడిగారు. "ఏ వాక్యం చూసి అన్నావురా?"

మీరంతా నవ్వుతున్నారంటే మీకూ తగిలిందన్నమాట. నేను పావుగంట వెతికాను. అమ్మిన వాక్యం దొరికింది. అడగలేదని చెప్పే వాక్యం దొరకలేదు. "సగం నిరూపించావు, సగం మార్కు" అని రెండుకు ఒకటి వేశారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ సగం మార్కు విలువ తెలియడానికి నాకు 40 ఏళ్లు పట్టింది.

ఇక 2023కు వస్తాను. యాప్ ఎంచమనగానే నేను నాకు తెలిసిన పనే చేశాను. కంప్యూటర్‌లో పెద్ద పట్టిక గీశాను. ధర ఎంత, తెలుగు ఉందా, నెట్ లేకపోయినా పనిచేస్తుందా, ఎన్ని పాఠాలున్నాయి, ఎన్ని ప్రశ్నలున్నాయి, పిల్లవాడి ప్రగతి గ్రాఫులో కనిపిస్తుందా, వాడినవాళ్లు ఎన్ని చుక్కలిచ్చారు. ప్రతి గడికీ మార్కులు వేసి కూడాను. ఎక్కువ మార్కులు వచ్చిన యాప్‌ను ఎంచాను. ఒక్క పాఠం కూడా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చదవలేదు. మా ప్లాంట్‌లో వాల్వ్ కొనేటప్పుడు ఆ పని చేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవారు.

ఆ యాప్ పేరు చెప్పను. తయారుచేసినవాళ్లు మోసగాళ్లు కారు. తప్పు నా పట్టికది.

ఎనిమిదో తరగతి పిల్లలు వారానికి మూడు పీరియడ్లు దానిలో చదివారు. చిన్న కథ, కింద అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. సరైంది నొక్కితే పచ్చగా వెలిగి గంట మోగుతుంది, తప్పయితే ఎర్రగా వస్తుంది. ప్రతి శనివారం నా ఫోనుకు గ్రాఫు వచ్చేది. వారం వారం మార్కులు పెరుగుతూ పోయాయి. ఆ గ్రాఫును నేను మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను, మీరంతా చప్పట్లు కొట్టారు. అమెరికా నుంచి ఒక తమ్ముడు మరో పది ట్యాబ్‌లు పంపిస్తానన్నాడు.

2024 సంక్రాంతి సెలవులకు ముందు నేను బడికి వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు పాఠం మనందరికీ తెలిసిన పంచతంత్రం కథ, తల్లీ ముంగిసా. తల్లి బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి నీళ్లకు వెళుతుంది. పాము వస్తుంది. ముంగిస దాన్ని చంపి, నోటికి అంటిన రక్తంతో ఎదురొస్తుంది. బిడ్డను తినేసిందనుకుని తల్లి నీళ్ల బిందె దాని మీద పడేస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే బిడ్డ నవ్వుతూ ఉంటుంది. ఆఖరి ప్రశ్న, "ఈ కథ దేని గురించి?" జవాబులు నాలుగు. తొందరపాటు, అపనమ్మకం, ధైర్యం, పేదరికం.

నా పక్కనున్న పిల్ల అపనమ్మకం నొక్కింది. ఎర్రగా వచ్చింది. తర్వాత తొందరపాటు నొక్కింది. పచ్చగా వచ్చింది, గంట మోగింది, ఆ పిల్ల తర్వాతి కథలోకి వెళ్లిపోయింది. అంతా కలిపి పది సెకన్లు.

నేను ఊరుకోలేక అడిగాను. "మొదట అపనమ్మకం అన్నావెందుకమ్మా?"

ఆ పిల్ల కాస్త భయపడింది. తర్వాత పాఠంలోకి వెనక్కి వెళ్లి మూడో వాక్యం చూపించింది. "బిందె తీసుకుని బయల్దేరేటప్పుడే ఆవిడ ముంగిసను చూసి భయపడింది కదా సార్. దాన్ని పెంచిందే గానీ నమ్మలేదు. నెమ్మదిగా ఇంటికి వచ్చినా అలాగే అనుకునేది."

మాస్టారూ, నాకు ఒళ్లు జలదరించింది. మీరు అడగకుండానే ఆ పిల్ల వాక్యం చూపించింది. పంచతంత్రం మూలంలోనూ ఈ సంగతి ఉంది. తల్లి ముంగిసను బిడ్డతో సమానంగా పెంచుతుంది గానీ, జాతి స్వభావం వల్ల ఎప్పుడో ఒకప్పుడు హాని చేస్తుందేమోనని లోపల శంకిస్తూనే ఉంటుంది. తొందరపాటు తప్పు జవాబేమీ కాదు. కానీ ఆ తొందరపాటు ఎక్కణ్ణుంచి పుట్టిందో ఈ పదమూడేళ్ల పిల్ల చూసింది. యాప్ దానికి ఎర్ర రంగు వేసింది.

"మరి తొందరపాటు ఎందుకు నొక్కావు?" అన్నాను.

"దానికి కావలసింది అదే కదా సార్."

ఈ మాట నేను మరిచిపోలేను. మా ప్లాంట్‌లో బాయిలర్‌లో పీడనం ఎంతుందో చెప్పే పరికరానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది, ఇంపల్స్ లైన్ అంటాం. అందులో మడ్డి పేరుకుని మూసుకుపోతే లోపల పీడనం పెరిగినా తగ్గినా పరికరం పాత అంకె దగ్గరే నిలిచిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ అంకె చూసి అంతా ప్రశాంతంగా ఉందనుకుంటారు. ముసలివాళ్లు ఆ ప్రశాంతత చూసే భయపడతారు. నా ఫోనుకు వచ్చిన గ్రాఫు అలాంటిదే. పిల్లలకు కథలు అర్థమవుతున్నాయని కాదు, యాప్‌కు ఏం కావాలో వాళ్లకు అర్థమైందని అది చెప్పింది. ఆ గ్రాఫుకు చప్పట్లు కొట్టించింది నేనే.

ఆ తర్వాత మన బడి తెలుగు టీచరుగారూ నేనూ కూర్చుని మొదటినుంచి ఆలోచించాం. నేను ఈ విషయం మీద దొరికినంత చదివాను. మీకు పనికొచ్చేవి మూడు చెబుతాను.

మొదటిది ఒక గుణకారం. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని రెండు శక్తుల లబ్ధంగా చెప్పారు. ఒకటి అక్షరాలను కూడబలుక్కుని పదంగా పలకగలగడం. రెండోది ఆ భాషను వింటే అర్థం చేసుకోగలగడం. కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంజనీర్లకు ఇంతకంటే ముద్దొచ్చే సూత్రం ఉండదు. ఇక్కడ తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వచ్చేస్తే పిల్లవాడు ఏ తెలుగు పేజీనైనా గడగడా చదివేయగలడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే. ఇంగ్లీషులో స్పెల్లింగు దగ్గరే ఆగిపోయే పిల్లవాడు మనకు తేలిగ్గా దొరికిపోతాడు. తెలుగులో గడగడా చదివే పిల్లవాడు దొరకడు. "బాగా చదువుతున్నాడు" అని మనమే మెచ్చుకుని పంపించేస్తాం.

రెండోది 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. బడి పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకంటే ఆ పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నారు. అంటే అర్థం చేసుకోవడమనేది ఏ పాఠానికైనా ఒకేలా తగిలించుకునే నైపుణ్యం కాదు. లోకం ఎంత తెలిస్తే పాఠం అంత తెలుస్తుంది. మన కాలవ గట్టు పిల్లలకు వరి నారు గురించిన కథ ఇస్తే వాళ్లే మనకు పాఠం చెబుతారు. మంచులో బొమ్మ చేసే కథ ఇచ్చి, అర్థం కాలేదని మార్కులు తగ్గిస్తే ఆ తప్పు కథను ఎంచినవాళ్లది.

మూడోది 1984లో పాలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు విద్యావేత్తలు రాసిన పద్ధతి. పిల్లలు చిన్న గుంపుగా కూర్చుని పాఠం కొంత కొంత చదువుతూ నాలుగు పనులు వంతులవారీగా చేస్తారు. ఇంతవరకూ జరిగింది క్లుప్తంగా చెప్పడం, దాని మీద ఒక ప్రశ్న వేయడం, అర్థం కానిదాన్ని విడమరచుకోవడం, తర్వాత ఏమవుతుందో ఊహించడం. మొదట్లో టీచరు చేసి చూపిస్తారు, తర్వాత నెమ్మదిగా పక్కకు తప్పుకుంటారు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఇవి తెలిశాక నా పాత పట్టిక చించేశాను. ఇప్పుడు ఏ యాప్ వచ్చినా అయిదు పరీక్షలు పెడతాం. ఇళ్లలో పిల్లలున్నవాళ్లు, మనవలున్నవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఇది ఏ పనికి? పలకడం నేర్పడానికా, అర్థం చేసుకోవడం నేర్పడానికా? రెండూ నేర్పుతానని చెప్పే యాప్‌ను రెండుసార్లు పరీక్షించాలి.

రెండు, పాఠం కప్పేసి ప్రశ్నలు మాత్రమే చూడండి. కథ చదవకుండానే జవాబు చెప్పగలుగుతున్నారా? టీచరుగారూ నేనూ ఆ పాత యాప్‌లో ఇలా చేసి చూశాం. చాలావాటికి చదవకుండానే పచ్చ రంగు వచ్చింది. నాలుగు జవాబుల్లో పొడుగ్గా ఉన్నది నొక్కితే చాలు. పిల్లలు ఈ కిటుకు మనకంటే ముందే కనిపెట్టారని తర్వాత తెలిసింది.

మూడు, తప్పు నొక్కినప్పుడు ఏం చేస్తుంది? ఎర్ర రంగు వేసి ఊరుకుంటుందా, పాఠంలో మళ్లీ ఫలానా చోట చూడమని వెనక్కి పంపుతుందా? పిల్లవాడు తన మాటల్లో రాయడానికి చోటుందా?

నాలుగు, పాఠాలు బాగున్నాయా? పెద్దవాళ్లు కూర్చుని కనీసం పది కథలు చదవాలి. మనకు విసుగు పుట్టించిన కథ పిల్లలకూ విసుగే. చాలా యాప్‌లలో తెలుగు కథలు ఇంగ్లీషు నుంచి మక్కీకి మక్కీ దింపినవి. ఆ వాక్యాలు మన ఇళ్లలో ఎవరూ అనరు. అలాంటి తెలుగు అర్థం కాకపోతే అది పిల్లల లోపం కాదు.

అయిదు, నెట్ లేనప్పుడు పనిచేస్తుందా, ప్రకటనలు వస్తాయా, పిల్లల వివరాలు ఏం చేస్తుంది? 2023లో మన దేశంలో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదు. యాప్ వేసేటప్పుడు వచ్చే పేజీని చదవకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కేది మనమే కదా.

ఈ పరీక్షల తర్వాత మన ట్యాబ్‌లలో మిగిలినవి ఏవో చెబుతాను.

గడగడా చదవడం రాని పిల్లలకు గూగుల్ వారి రీడ్ ఎలాంగ్. 2019లో బోలో పేరుతో మన దేశంలోనే మొదలైంది, తర్వాత తెలుగూ వచ్చింది. పిల్లవాడు పైకి చదువుతుంటే అది వింటుంది, తడబడిన మాట దగ్గర పలికి సాయం చేస్తుంది. కథలు దించి పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు. ఆరో తరగతిలో చేరి ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలు నలుగురి ముందు చదవడానికి సిగ్గుపడతారు. ట్యాబ్ ముందు సిగ్గుండదు. ఈ పనికి ఇది మంచిది. కానీ ఇది గుణకారంలో మొదటి సంఖ్య మాత్రమే. పిల్లవాడు తప్పు లేకుండా చదివినంత మాత్రాన కథ అర్థమైందని అనుకోకూడదు.

కథల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. 2015లో వచ్చింది. బొమ్మల కథలు, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. తెలుగులోనూ చాలా ఉన్నాయి. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మనమే అనువదించి చేర్చవచ్చు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే కేంద్రప్రభుత్వ దీక్ష వేదిక పాఠాలకు తోడుగా ఉంది. ఇంగ్లీషు మీడియం పై తరగతులకు కామన్‌లిట్ అనే అమెరికా సంస్థ ఉచితంగా ఇచ్చే పాఠాలు వాడుతున్నాం. లాభాపేక్ష లేని సంస్థ అది. అక్కడ కథలనూ వ్యాసాలనూ ఇతివృత్తాలవారీగా వెతుక్కోవచ్చు. నాలుగు జవాబుల ప్రశ్నలతోపాటు, రాసి చెప్పే ప్రశ్నలూ తరగతిలో చర్చించే ప్రశ్నలూ ఉంటాయి. ఇంగ్లీషు టీచరుగారు ఆ చర్చా ప్రశ్నలనే ఎక్కువ వాడతారు. పాఠాలు అక్కడి పిల్లల లోకంలోవి కాబట్టి మనకు తగినవి ఏరుకోవాలి.

కృత్రిమ మేధతో మాట్లాడే కొత్త యాప్‌ల సంగతి ఏమిటని భోజనాల దగ్గర ముగ్గురు అడిగారు. అవి "ఎందుకు అలా అనుకుంటున్నావు?" అని తిరిగి ప్రశ్నించగలవు, నిజమే. కానీ కథ సారాంశం చెప్పమని అడిగితే పిల్లవాడు చదవకముందే చెప్పేస్తాయి. కథలో లేనిదాన్ని ఉన్నట్టు నమ్మకంగా చెప్పడమూ చూశాను. అందుకని ప్రస్తుతానికి టీచరుగారు ప్రశ్నలు తయారుచేసుకోవడానికి మాత్రమే వాడుతున్నారు. అదీ ప్రతి ప్రశ్ననూ పాఠంతో సరిచూసుకుని.

తెర మీద చదవడమా, కాయితం మీద చదవడమా అన్న వాదన కూడా ఉంది. 2018లో 54 పరిశోధనలను కలిపి చూసిన ఒక అధ్యయనంలో కాయితం మీద చదివినవాళ్లకే కాస్త మెరుగ్గా అర్థమైందని తేలింది. గడియారం తరుముతుంటే ఆ తేడా ఇంకా పెరిగింది. అయితే కథల విషయంలో మాత్రం తేడా కనబడలేదు. అందుకని మేం రెండు పనులు చేశాం. సమాచార పాఠాలను అచ్చు వేసి ఇస్తున్నాం. టైమర్ ఉన్న యాప్ ఏదైనా తీసేశాం.

ఇప్పుడు తరగతి ఎలా నడుస్తుందో చెబుతాను. 40 మంది పిల్లలకు 20 ట్యాబ్‌లు. ఇద్దరికి ఒకటి. ఇది లోటని మొదట అనుకున్నాం, మరో ఇరవై కోసం చందాలు కూడా మొదలుపెట్టాం. తీరా చూస్తే ఆ లోటే మేలు చేసింది. ఒక్కరే ఉంటే వేలు ముందు నొక్కేస్తుంది. ఇద్దరుంటే నొక్కే ముందు ఒప్పించుకోవాలి. ఒప్పించాలంటే కథలోకి వెళ్లాలి. టీచరుగారు ఒక్క నియమం పెట్టారు. జవాబు చెప్పే ముందు ఆధారమైన వాక్యం నోట్‌బుక్కులో రాయాలి. వాక్యం ఉంటే ఏ జవాబైనా వింటారు. వాక్యం లేకపోతే సరైన జవాబైనా సగం మార్కే. ఈ నియమం ఆవిడకు నేను చెప్పలేదు. ఆవిడా ఈ బడిలోనే, మన మాస్టారి దగ్గరే చదువుకున్నారు.

ఇంకో చిన్న మార్పు. కథ చివర "నీతి" అడగడం మానేశారు. మనకు చిన్నప్పటినుంచీ ప్రతి కథ కిందా నీతి అని ఒక వాక్యం చదివి అలవాటు. దాంతో కథకు ఒక్కటే అర్థమని, అది కింద రాసి ఉంటుందని అనుకుంటాం. ఆవిడ రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇందులో ఏం జరిగింది? ఇది దేని గురించి? మొదటిదానికి యాప్ సరిపోతుంది. ముంగిసను చంపింది ఎవరు, నీళ్లకు వెళ్లింది ఎవరు అని తప్పు లేకుండా దిద్దుతుంది, మన టీచర్లకు ఆ శ్రమ తప్పుతుంది. రెండోదానికి మనిషి కావాలి. జవాబు చెప్పడానికి కాదు, పిల్లవాడు చెప్పింది వినడానికి.

అన్నీ బాగుపడ్డాయని చెబితే ఇది రిపోర్టు కాదు. పరీక్షలు దగ్గరపడితే మళ్లీ గైడు జవాబులే నడుస్తాయి. ఇప్పుడు నాకు గ్రాఫులు రావు కాబట్టి, పిల్లలు ఎంత మెరుగయ్యారని మీరు అడిగితే చూపించడానికి అంకె లేదు. నోట్‌బుక్కులు ఉన్నాయి. ప్రదర్శన గదిలో బల్ల మీద పెట్టించాను, వెళ్లేటప్పుడు చూడండి. పోయిన ఏడాది కథ మధ్యలో పెన్సిలుతో గీత గీసి "ఇక్కడ అబద్ధం చెబుతున్నాడు" అని రాసిన పిల్లవాడు ఆరో తరగతిలో కూడబలుక్కుంటూ చదివినవాడే. ఆరు ట్యాబ్‌ల బ్యాటరీలు పోయాయి. కొన్న రోజు నుంచే అవి అరిగిపోతాయన్నది మనం లెక్కలో వేసుకోలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఆ రోజు పీరియడు అయ్యాక నేను దాని దగ్గరకు వెళ్లి, "నువ్వు మొదట చెప్పింది తప్పు కాదమ్మా" అన్నాను. "మరి తప్పని ఎందుకు వచ్చింది సార్?" అంది. ట్యాబ్ మీద వేలు పెట్టి అడిగింది. దాన్ని ఎంచింది నేనేనని చెప్పాను. కాసేపు నన్ను చూసి, "మీరు చదివి చూడలేదా సార్?" అంది. చదవలేదని ఒప్పుకున్నాను. 30 ఏళ్ల సర్వీసులో ఏ విచారణ కమిటీ ముందూ నేను అంత చిన్నబోలేదు.

మిత్రులారా, ఆఖరుగా ఒక కోరిక. మన సంఘం డబ్బు ఇవ్వడంలో ఎప్పుడూ వెనకాడలేదు. ఈసారి నేను డబ్బు అడగడం లేదు, బ్యాటరీల సంగతి కోశాధికారి చూసుకుంటారు. శనివారం మధ్యాహ్నం అరగంట అడుగుతున్నాను. ఇప్పటికే మనలో తొమ్మిదిమంది వీడియో ద్వారా ఒక్కొక్కరు నలుగురు పిల్లలతో ఒక కథ చదువుతున్నారు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి. సాహిత్యం తెలియాల్సిన పనిలేదు. వాళ్లలో ఒకాయన ఎరువుల దుకాణం నడుపుతారు, పిల్లలు ఆయన్నే ఎక్కువ అడుగుతున్నారు. నియమాలు రెండే. కథను మీరు ముందు చదివి రావాలి. పిల్లలు ఏం చెప్పినా అవుననీ కాదనీ అనకుండా మాస్టారి ప్రశ్న అడగాలి.

ఆ ప్రశ్న ఏమిటో ఈ హాలులో తెలియనివారు లేరు.

మాస్టారూ, ఆ రోజు మీరిచ్చిన సగం మార్కు న్యాయమే. మిగతా సగం సంపాదించడానికి మళ్లీ మన బడికే వచ్చాను. మీ పాదాలకు నమస్కారం.